డగ్లస్ గెలిచిన ఆదివారం

మా చిన్నప్పుడు విశాఖపట్నం కంచరపాలెం రైల్వే క్వార్టర్స్‌లో పిల్లలందరికీ బలాబలాల లెక్క నోటికి వచ్చేది. ఎవరు ఎవరిని కొట్టగలరో, ఎవరి జోలికి పోకూడదో తెలియడానికి కొట్లాట జరగక్కర్లేదు. పదో తరగతి తప్పి ఇంట్లో ఉన్నవాడు బడికెళ్లే వాళ్లందరికంటే పైన. లోకో షెడ్డులో అప్రెంటిస్‌గా చేరినవాడు అంతకంటే పైన. గోళీల దగ్గర తగువొచ్చినా, కుళాయి దగ్గర బిందెల వరస తప్పినా ఆ లెక్క ప్రకారమే తీర్పు. ఓడేవాడు తను ఓడిపోతానని ముందే ఒప్పుకుని పక్కకు తప్పుకునేవాడు. దాన్ని అవమానం అనుకునేవాళ్లం కాదు. లోకం నడిచే తీరు అదేననుకునేవాళ్లం.

పెద్దవాళ్ల లెక్కలో అందరికంటే పైన కోడి రామమూర్తి నాయుడు గారుండేవారు. మా వైపు వీరఘట్టంలో పుట్టి, సర్కస్ పెట్టి ఊరూరా తిరిగి, కలియుగ భీముడు అనిపించుకున్న మనిషి. ఒంటికి చుట్టిన ఉక్కు గొలుసులు ఊపిరి బిగబట్టి తెంపిన వైనం, గుండెల మీద ఏనుగును నిలబెట్టుకున్న వైనం తాతలు అరుగుల మీద కూర్చుని చెబుతుంటే, మేం నోళ్లు తెరుచుకుని వినేవాళ్లం. కానీ ఆయన కథల్లోని మనిషి. మా కాలానికి, మా కళ్లెదుట ఉన్న బలవంతుడు మైక్ టైసన్.

టైసన్ మా దాకా వచ్చింది సెలూన్ గోడ మీదుగా. అప్పట్లో స్పోర్ట్‌స్టార్ పత్రిక మధ్య పేజీల్లో రంగుల పోస్టరు వేసేది. మా రోడ్డు మీది సెలూన్ ఆయన పాత పుస్తకాల కొట్టు నుంచి ఆ పోస్టర్లు తెచ్చి అద్దాల పైన వరసగా అంటించేవాడు. కపిల్‌దేవ్, మారడోనా, స్టెఫీ గ్రాఫ్, చివర్న టైసన్. నల్ల నిక్కరు, నల్ల బూట్లు, కాళ్లకు మేజోళ్లు లేవు, భుజాల మీద పట్టు అంగీ లేదు. మిగతావాళ్లు ఆటకు ముస్తాబై వచ్చినట్టుంటే, ఇతను పనికి వచ్చినట్టుండేవాడు. కుర్చీలో కూర్చుని తల వంచమంటే వంచేవాళ్లం గానీ, కళ్లు మాత్రం అద్దంలోంచి ఆ పోస్టరు మీదే ఉండేవి.

అతని అంకెలన్నీ మాకు కంఠతా. 1986 నవంబరులో ట్రెవర్ బెర్బిక్‌ను కొట్టి ఇరవయ్యేళ్లకే హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యాడు. అంత చిన్న వయసులో ఆ పట్టం అంతకుముందు ఎవరికీ దక్కలేదు. తర్వాత బాక్సింగ్ నడిపే మూడు సంస్థల బెల్టులూ ఒక్కడే చుట్టుకున్నాడు. 1988 జూన్‌లో మైకేల్ స్పింక్స్ అనే ఓటమెరుగని బాక్సర్‌ను 91 సెకన్లలో పడగొట్టాడు. మేం రోడ్డు మీద నిలబడి ఒకటి నుంచి 91 దాకా గట్టిగా లెక్కపెట్టి, ఆ కాస్తలో ఒక పెద్ద మనిషి పని ఎలా అయిపోయిందా అని ఒకరి మొహాలు ఒకరం చూసుకునేవాళ్లం. 1990 నాటికి 37 పోటీలు, 37 గెలుపులు, అందులో 33 నాకౌట్లు. మా లెక్కలో అతని పైన ఇంకెవరూ లేరు, రావడానికి వీల్లేదు కూడా.

ఆ మాట ఒప్పుకోనివాడు కాలనీలో ఒక్కడే ఉండేవాడు. అందరూ ఫిట్టరు బాబాయి అనేవారు. లోకో షెడ్డులో పని. వయసులో ఉన్నప్పుడు రైల్వే తరఫున బాక్సింగ్ ఆడాడు. ఒకసారి ఖరగ్‌పూర్‌లో జరిగిన పోటీల్లో, మిలటరీలో పేరున్న ఒక బాక్సర్‌ని పాయింట్ల మీద గెలిచాడట. ఆ తర్వాతి పోటీలో ఓడిపోయాడు, మరి పైకి వెళ్లలేదు. ఆ గెలుపు సంగతి వచ్చినప్పుడు అరుగుల మీద వాళ్లు "ఏదో గాలివాటం" అనేవారు. బాబాయి కాదనేవాడు కాదు, ఔననేవాడూ కాదు. బీడీ ముట్టించుకుని ఊరుకునేవాడు. 1980లో మహమ్మద్ అలీ మద్రాసు వచ్చి, మాజీ ఛాంపియన్ జిమ్మీ ఎల్లిస్‌తో ప్రదర్శన పోటీ ఆడినప్పుడు, రైల్వే పాసు మీద మెయిలెక్కి వెళ్లి చూసొచ్చాడు. అలీ గురించి అడిగితే చేతుల గురించి చెప్పేవాడు కాదు, పాదాల గురించి చెప్పేవాడు.

బాబాయి పెరట్లో బాదం చెట్టు కొమ్మకు ఒక గోనెసంచి వేలాడేది. లోపల పాత గుడ్డలు, రంపపు పొట్టు కుక్కి, కుట్టేసి, తాడుతో బిగించాడు. సాయంత్రం డ్యూటీ దిగొచ్చాక మాలో ఆసక్తి ఉన్నవాళ్లని పిలిచి నిలబడటం నేర్పేవాడు. మేమంతా టైసన్‌లా గుద్దాలని వెళ్లేవాళ్లం. ఆయన గుద్దనిచ్చేవాడు కాదు. ఎడం కాలు ముందు, ఎడం చెయ్యి ముందు, గెడ్డం భుజం చాటున. ఆ ఎడం చేతిని తిన్నగా చాపి వెనక్కి లాక్కోవడం, అంతే. నెలల తరబడి అదే పని. దాన్నే జాబ్ అంటారు. చూసేవాళ్లకు అది దెబ్బలా కనబడదు, పోస్టర్లలోకి ఎక్కదు.

"ఇది పడగొట్టడానికి కాదర్రా," అనేవాడు. "ఆడు నీ దగ్గరకి రాకుండా. ఆడొచ్చే దారి నీ సేతుల్లో ఉండాలి."

ఒకడు టైసన్ మాటెత్తాడు. "టైసన్ వస్తే ఆ దారి ఏటవుద్ది బాబాయ్?"

"టైసన్ మంచి బాక్సరే. కాదనను. కానీ ఆడి ఎదర నిలబడ్డోళ్ల మొకాలు సూడండి. సగం మంది గంట కొట్టకముందే ఓడిపోయారు."

ఆ మాట మాకు అప్పుడు పట్టలేదు. గంట కొట్టకముందే ఓడిపోవడం మేం రోజూ చేసే పనే, కుళాయి దగ్గర. అందులో వింతేముంది?

1990 ఫిబ్రవరి 11, ఆదివారం. ఉదయం తొమ్మిదికి దూరదర్శన్‌లో మహాభారతం. టీవీ ఉన్న ఇళ్లలో చెప్పుల కుప్పలు, కిటికీలకు వేలాడే పిల్లలు, రోడ్డు మీద కుక్క కూడా ఉండేది కాదు. మేం భీముడి గదను చూస్తున్న ఆ పూటే, టోక్యోలో మధ్యాహ్నం వేళ, టోక్యో డోమ్‌లో టైసన్ రింగులోకి దిగాడు. ఎదుటివాడి పేరు జేమ్స్ డగ్లస్. అందరూ బస్టర్ డగ్లస్ అంటారు. ఆ పోటీ ఉందన్న సంగతే మా కాలనీలో చాలామందికి తెలియదు. తెలిసినవాళ్లు కూడా పట్టించుకోలేదు. ఫలితం తెలిసిన పోటీని ఎవరు పట్టించుకుంటారు?

సోమవారం పేపరు మొదటి పేజీ నెల్సన్ మండేలాది. 27 ఏళ్ల జైలు తర్వాత అదే ఆదివారం ఆయన విడుదలయ్యారు. భార్య విన్నీ చెయ్యి పట్టుకుని, పిడికిలెత్తి నడిచివస్తున్న ఫొటో ఆ వారమంతా ఎక్కడ చూసినా అదే. ఆటల పేజీలో ఎక్కువ చోటు న్యూజిలాండ్‌లో ఆడుతున్న మన క్రికెట్ జట్టుది. నేపియర్ టెస్టులో పదహారేళ్ల టెండూల్కర్ 88 దాకా వెళ్లి సెంచరీ కాకుండానే ఔటైంది ఆ వారంలోనే. ఆ క్రికెట్ వార్తల పక్కనే ఉంది ఈ వార్త. టైసన్ ఓడిపోయాడు. పాయింట్ల మీద కూడా కాదు. పదో రౌండులో నాకౌట్.

సెలూన్‌లో ఆ పేపరు చేతులు మారీ మారీ మడతల దగ్గర చిరిగిపోయింది. అచ్చుతప్పు అన్నాడొకడు. పేర్లు తారుమారయ్యాయన్నాడు ఇంకొకడు. డబ్బు తీసుకుని పడిపోయి ఉంటాడని అప్రెంటిస్ కుర్రాళ్లు తేల్చారు. మేం బాబాయి దగ్గరకు పరిగెత్తాం. ఆయన వార్త అప్పటికే చదివాడు. సంతోషపడతాడనుకున్నాం. ఆయన అడిగింది ఒకటే: "పదో రౌండా? అయితే ముందు తొమ్మిది రౌండ్లు ఏటి సేశాడో సూడాలి."

చూడటానికి చాలా కాలం పట్టింది. మాది హార్బరున్న ఊరు కావడం మా అదృష్టం. ఓడ మీద పనిచేసే ఒకాయన సింగపూర్ నుంచి తెచ్చిన వీడియో క్యాసెట్టు ఒకటి చేతులు మారి మా కాలనీకి వచ్చింది. సినిమాల కోసం అద్దెకు తెచ్చిన వీసీపీలో, రెండు సినిమాల మధ్య, బాబాయి పట్టుబట్టి ఆ క్యాసెట్టు పెట్టించాడు. బొమ్మ మీద అప్పుడప్పుడూ తెల్లగీతలు పాకేవి. వీసీపీ ఓనరు ఆల్కహాలులో ముంచిన దూదితో హెడ్డు తుడిచి మళ్లీ పెట్టేవాడు. ఆడవాళ్లు కాసేపు చూసి వంటింట్లోకి వెళ్లిపోయారు. మేం చాప మీద కదలకుండా కూర్చున్నాం.

మొదట చెవికి పట్టింది ఆ నిశ్శబ్దం. అంత పెద్ద స్టేడియంలో జపాన్ జనం పద్ధతిగా, దాదాపు మౌనంగా కూర్చుని ఉన్నారు. గ్లవ్ వెళ్లి మొహానికి తగిలిన చప్పుడు టీవీలో విడిగా వినిపించింది.

తర్వాత కంటికి పట్టింది డగ్లస్ ఎడం చెయ్యి. టైసన్ కంటే బాగా పొడగరి, చేతుల చాపు 12 అంగుళాలు ఎక్కువ. బరువు కూడా ఓ అయిదు కిలోలు ఎక్కువే. మొదటి రౌండు మొదలైన దగ్గర్నుంచి ఆ ఎడం చెయ్యి పోయి టైసన్ మొహం మీద తగిలి వెనక్కి వస్తోంది. టైసన్ వంగి లోపలికి దూరబోయేసరికి ఆ చెయ్యి అక్కడే ఉంటోంది. దూరినా, డగ్లస్ అతన్ని చేతుల్లో బంధించి, రిఫరీ విడదీశాక మళ్లీ జాబ్‌తోనే మొదలుపెడుతున్నాడు. వెనక్కి తగ్గినప్పుడు తిన్నగా తగ్గట్లేదు, పక్కకు తిరుగుతున్నాడు. మా పెరటి గోనెసంచి ముందు మేం విసుక్కుంటూ చేసిన పని అది. ఒకడు మెల్లగా "బాబాయ్, ఇది మన జాబే కదా" అన్నాడు. బాబాయి మాట్లాడలేదు. చేత్తో చూడమని సైగ చేశాడు.

అయిదో రౌండు దాటేసరికి టైసన్ ఎడమ కన్ను వాచి మూసుకుపోతోంది. అలా వాచినప్పుడు నొక్కడానికి చల్లబరిచిన ఇనుప బిళ్ల ఒకటి రింగు మూలలో బాక్సర్‌ను చూసుకునే మనుషుల దగ్గర ఉండాలి. టైసన్ మూలలో అది లేదు. రబ్బరు తొడుగులో చన్నీళ్లు నింపి కంటికి అదుముతున్నారు. బాబాయికి అది చూసి కోపం వచ్చింది. ప్రపంచ ఛాంపియన్‌కి సామాను సర్దే మనిషి కూడా లేడా అన్నాడు. టైసన్‌ను పెంచి తయారుచేసిన గురువు కస్ డమాటో 1985లోనే పోయాడనీ, ఆ పాఠాలు తెలిసిన శిక్షకుడు కెవిన్ రూనీని 1988లో పంపించేశారనీ నేను చాలా ఏళ్ల తర్వాత చదివాను. టోక్యోలో సాధన చేస్తున్నప్పుడే గ్రెగ్ పేజ్ చేతిలో టైసన్ ఒకసారి కిందపడ్డాడు. ఆ సూచన ఎవరూ పట్టించుకోలేదు. ఎవరికీ కనబడని బలహీనత అవతలివాడు ఓపిగ్గా తట్టి చూస్తేనే బయటపడుతుంది. డగ్లస్ ఆ పనే చేస్తున్నాడు.

ఎనిమిదో రౌండు చివర్లో టైసన్ కుడిచేతి అప్పర్‌కట్ ఒకటి కింద నుంచి లేచి డగ్లస్ గెడ్డానికి తగిలింది. అంతసేపూ నిలబడ్డ ఆ మనిషి వెల్లకిలా పడిపోయాడు. ఫలితం తెలిసీ మా గుండెలు ఆగినంత పనైంది. అప్రెంటిస్ కుర్రాడొకడు "అయిపోయింది" అన్నాడు.

బాబాయి క్యాసెట్టు ఆపించాడు. కొంచెం వెనక్కి తిప్పించి మళ్లీ వేయించాడు. కింద పడ్డ డగ్లస్ మోచేతి మీద లేస్తూ, గ్లవ్‌తో నేలను ఒక్క గుద్దు గుద్దాడు. తన మీద తనకే కోపం వచ్చిన మనిషి చేసే పని అది.

"సూశారా? కింద పడ్డోడు నేలని గుద్దుతున్నాడు. అంటే ఆడికి తెలివుంది. తెలివున్నోడు లెగుస్తాడు."

డగ్లస్ కళ్లు రిఫరీ వేళ్ల మీదే ఉన్నాయి. మెక్సికోకు చెందిన రిఫరీ ఆక్టావియో మేరాన్ తొమ్మిది అనేసరికి లేచి నిలబడ్డాడు. గంట మోగింది.

తొమ్మిదో రౌండులో టైసన్ పని ముగించడానికి వచ్చాడు. అలాంటి సమయంలో అతని ముందు నిలబడ్డవాళ్లు అంతకుముందు ఎవరూ మిగల్లేదు. డగ్లస్ మిగలడమే కాదు, ఆ రౌండు ముగిసేలోగా టైసన్‌నే తాళ్ల దాకా నెట్టుకుపోయి కొట్టాడు. ఇక పదో రౌండు. జాబ్‌లు పడుతూనే ఉన్నాయి. అప్పుడొక అప్పర్‌కట్‌కు టైసన్ తల పైకి ఎగిరింది. ఆ తల కిందికి దిగేలోగా వరసగా నాలుగు దెబ్బలు. వృత్తిలోకి వచ్చాక పోటీలో ఎన్నడూ నేల తాకని టైసన్ నేల మీద పడ్డాడు. మోకాళ్ల మీద పాకుతూ, నోట్లోంచి జారిపోయిన మౌత్‌పీస్ కోసం తడుముకున్నాడు. దొరికింది. దాన్ని నోట్లో పెట్టుకోబోతే ఒక కొస బయటే వేలాడింది. లేవబోయి తూలాడు. పది అయిపోయింది. రిఫరీ అతన్ని రెండు చేతులతో పొదివి పట్టుకున్నాడు.

ఆ గదిలో ఎవరూ కేక వెయ్యలేదు. సెలూన్ గోడ మీద చూసి భయపడ్డ మనిషి, పిల్లాడిలా నేల మీద తడుముకుంటుంటే మాకు బాధేసింది. అతనికీ అప్పటికి ఇరవైమూడేళ్లే. గెలిచిన మనిషి కూడా ఏడుస్తున్నాడు. మైకు పట్టుకున్నాయన ఏదో అడిగితే, సమాధానం చెప్పలేక గొంతు పూడుకుపోయింది. ఆ ఇంగ్లీషు మాకు అర్థం కాలేదు. అమ్మ అనే మాట మాత్రం అర్థమైంది.

డగ్లస్ కథ నాకు పెద్దయ్యాక ముక్కలు ముక్కలుగా దొరికింది. ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్ వాళ్ల ఊరు. తండ్రి బిల్లీ డగ్లస్ కూడా బాక్సరే, డైనమైట్ అని పేరు. కొడుకు బాస్కెట్‌బాల్ ఆడుకుంటూ కాలేజీకి వెళ్లి, తర్వాత బాక్సింగ్‌లోకి వచ్చాడు. ఒళ్లు దాచుకుంటాడనీ, కష్టం వస్తే చేతులెత్తేస్తాడనీ చెడ్డపేరు. 1987లో టోనీ టక్కర్‌తో టైటిల్ పోటీలో బాగానే ఆడుతూ పదో రౌండులో ఆగిపోయాడు. టోక్యో వెళ్లేనాటికి అతని ఖాతాలో నాలుగు ఓటములున్నాయి. లాస్ వెగాస్‌లో చాలామంది పందేలవాళ్లు ఈ పోటీ మీద పందెమే తీసుకోలేదు. మిరాజ్ హోటల్ వాళ్లు తీసుకున్నారు గానీ, టైసన్ గెలుస్తాడని 42 డాలర్లు కడితే వచ్చే లాభం ఒక్క డాలరు. టైసన్ తర్వాత హోలీఫీల్డ్ అనే ఇంకో బాక్సర్‌తో తలపడాలన్న మాటలు కూడా అప్పటికే నడుస్తున్నాయి. ఆ హోలీఫీల్డ్ రింగు పక్కనే కూర్చుని చూస్తున్నాడు కూడా. డగ్లస్ మధ్యలో దాటిపోవాల్సిన ఒక స్టేషను, అంతే.

పోటీకి 23 రోజుల ముందు డగ్లస్ తల్లి లూలా పెర్ల్ చనిపోయింది. తన కొడుకు టైసన్‌ను ఓడించబోతున్నాడని ఆమె తెలిసినవాళ్లందరికీ చెప్పుకునేదట. ఆ పోటీ వాయిదా వేసుకోవచ్చు, ఎవరూ తప్పు పట్టేవాళ్లు కాదు. అతను వాయిదా వెయ్యలేదు. తల్లి కోసమే గెలిచాడని చాలామంది రాశారు. నాకు అంత తేలిగ్గా అనాలనిపించదు. దుఃఖం ఒక్కటే గెలిపించేదైతే దుఃఖపడ్డవాళ్లంతా గెలవాలి. ఆ దుఃఖం అతనిలోంచి భయాన్ని తీసేసింది, అది నిజం. భయం పోయిన చోట అతని దగ్గర ఉన్నది కనబడింది. ఆ పొడుగు ఎడం చెయ్యి, ఆ పాదాలు, ఏళ్ల తరబడి నేర్చుకుని ఎన్నడూ పూర్తిగా వాడని విద్య. అదంతా లేకపోతే ధైర్యం ఒక్కటే మొదటి రౌండు కూడా దాటించేది కాదు.

గెలిచిన రోజే గెలుపును లాగేసుకోబోయారు. ఎనిమిదో రౌండులో రిఫరీ నెమ్మదిగా లెక్కపెట్టాడనీ, గడియారం ప్రకారం డగ్లస్ పది సెకన్లు దాటి నేల మీదే ఉన్నాడనీ ప్రమోటర్ డాన్ కింగ్ గొడవ చేశాడు. మూడు సంస్థల్లో రెండు డగ్లస్‌ను ఛాంపియన్‌గా గుర్తించకుండా ఆపాయి. లోకమంతా తిట్టిపోశాక కొద్దిరోజుల్లోనే దిగొచ్చాయి. మా కాలనీలో కూడా ఆ గొడవ నడిచింది. లెక్క తప్పితే గెలుపు చెల్లదని అప్రెంటిస్ కుర్రాళ్లు వాదించారు. బాబాయి వాళ్లను కూర్చోబెట్టి చెప్పాడు. బాక్సర్ చూడాల్సింది గడియారాన్ని కాదు, రిఫరీ వేళ్లను. తొమ్మిది దాకా ఊపిరి కూడదీసుకుని లేవడం మంచి బాక్సర్‌కి నేర్పే పాఠం. లెక్క వేరేలా ఉంటే అతను వేరే క్షణంలో లేచి ఉండేవాడు. దానికి ఎవరి దగ్గరా జవాబు లేకపోయింది.

తర్వాత జరిగింది అందరికీ తెలుసు. 1990 అక్టోబరు 25న డగ్లస్ 246 పౌండ్ల బరువుతో, పోటీకి తయారుకాని ఒంటితో, హోలీఫీల్డ్ ముందుకు వెళ్లి మూడో రౌండులో పడిపోయాడు. ఎనిమిది నెలల ఛాంపియన్. ఆ పోటీకి దక్కిన కోట్ల డాలర్లతో పక్కకు తప్పుకున్నాడు. ఒళ్లు విపరీతంగా పెరిగి, 1994లో మధుమేహంతో కోమాలోకి వెళ్లి, చావు దగ్గరి దాకా పోయి వెనక్కి వచ్చాడు. బరువు తగ్గించుకుని మళ్లీ రింగెక్కాడు, కానీ పాత ఎత్తుకు చేరలేదు. అందుకే అతని పేరెత్తితే ఇప్పటికీ చాలామంది పెదవి విరుస్తారు. ఏదో ఒక్కరోజు తగిలింది, గాలివాటం అంటారు.

ఆ మాట నేను ఒప్పుకోను. గాలివాటం అంటే కళ్లు మూసుకుని విసిరిన ఒక్క దెబ్బ తగలడం. టోక్యోలో జరిగింది అది కాదు. మొదటి గంట నుంచి ఆ మనిషి చెయ్యాల్సిన పని సరిగ్గా చేసుకుంటూ పోయాడు. కింద పడ్డాడు, తెలివితో లేచాడు, లేచి మళ్లీ అదే పని చేశాడు. తొమ్మిది రౌండ్ల తర్వాత ఒక జడ్జి ఇంకా టైసన్‌నే ఒక పాయింటు ముందు పెట్టాడు, ఇంకొకాయన ఇద్దరినీ సమానం అన్నాడు, మూడో ఆయన మాత్రమే డగ్లస్‌కు ఆరు పాయింట్ల ఆధిక్యం ఇచ్చాడు. కళ్లెదుట జరుగుతున్నదాన్ని కూడా చూడనివ్వనంత బలంగా ఉంటుంది, ముందే తేల్చేసుకున్న లెక్క. ఆ లెక్కను ఒక మనిషి పది రౌండ్లపాటు ఒంటరిగా ఎదిరించాడు. తర్వాత అతను ఓడిపోయాడంటే అది ఆ తర్వాతి రోజు సంగతి. ఈ రోజు చేసిన పనిని రేపటి ఓటమి చెరపలేదు.

ఫిట్టరు బాబాయి ఖరగ్‌పూర్ గెలుపు కూడా అలాంటిదేనని నాకిప్పుడు తెలుస్తోంది. ఆ రోజు ఆయన ఎన్ని జాబ్‌లు వేశాడో, ఏ రౌండులో దెబ్బ తిన్నాడో, ఎలా నిలదొక్కుకున్నాడో అరుగుల మీద కూర్చున్నవాళ్లు ఎవరూ అడగలేదు. తర్వాతి పోటీలో ఓడిపోయాడు కాబట్టి ముందుది లెక్కలోకి రాదని తీర్మానించేశారు. అందుకే ఆయన టైసన్ ఓడిన వార్త చదివి చంకలు గుద్దుకోలేదు. ముందు తొమ్మిది రౌండ్లు ఏం జరిగిందని అడిగాడు. తనను ఎవరూ అడగని ప్రశ్న అది.

ఆ క్యాసెట్టు చూశాక మా కాలనీ లెక్కలు రాత్రికి రాత్రి మారిపోలేదు. కుళాయి దగ్గర వరస అలాగే ఉంది. కానీ బాదం చెట్టు కింద గోనెసంచి దగ్గర పిల్లలు పెరిగారు. జాబ్ వెయ్యమంటే విసుక్కోవడం మానేశారు. మాలో బక్కపలచటి వాడొకడు, అంతకుముందు ఎవరు కన్నెర్ర చేసినా పక్కకు తప్పుకునేవాడు, గ్లవ్స్ కట్టుకుని అప్రెంటిస్ కుర్రాడి ఎదుట మూడు రౌండ్లు నిలబడ్డాడు. గెలవలేదు. కానీ ఆ తర్వాత వాణ్ని కుళాయి దగ్గర ఎవరూ నెట్టలేదు.

మండేలా జైలుకు వెళ్లకముందు జొహన్నెస్‌బర్గ్ దగ్గరి ఓర్లాండోలో బాక్సింగ్ సాధన చేసేవారని చాలా ఏళ్లకు చదివినప్పుడు, ఆ సోమవారం పేపరు గుర్తొచ్చింది. ఆ రెండు వార్తల బరువు ఒకటి కాదు. ఒకటి ఒక జాతి విముక్తి, ఇంకొకటి ఒక ఆట. కానీ ఎప్పటికీ మారవని అందరూ ఒప్పేసుకున్న రెండు సంగతులు ఒకే ఆదివారం మారాయని, ఏడో తరగతి చదివే పిల్లాడికి ఒక్క పేపరులో తెలియడం చిన్న విషయం కాదు. నాకు తెలిసిన లోకం అంతకుముందు కంటే కొంచెం పెద్దదైంది.

ఇప్పుడు ఆ పోటీ చూడటానికి ఓడలో పనిచేసేవాళ్ల కోసం ఎదురుచూడక్కర్లేదు. ఫోనులో పదో రౌండు వీడియోలు బోలెడు దొరుకుతాయి, టైసన్ పడిపోయే ఆ కొద్ది సెకన్లే కత్తిరించి పెడతారు. మా ఇంట్లో పిల్లలు చూస్తామంటే నేను ఆ ముక్క పెట్టను. మొదటి రౌండు నుంచి పెడతాను. ఆ ఎడం చెయ్యి పోయి రావడం చూడమంటాను. వాళ్లకు విసుగొస్తుంది, ఎప్పుడు పడతాడని అడుగుతారు. పడటం ఒక్కటే చూస్తే అదృష్టం అనుకుంటారు, ముందు నుంచీ చూస్తే పని కనబడుతుంది. అదృష్టం మన చేతిలో లేదు, పని ఉంది. ఒక మనిషి గెలుపుకు మనం ఇవ్వగలిగిన మర్యాద, దాన్ని మొదటి నుంచి చూడటమే.